విని గుర్తుంచుకొను పియానో

ఇంటిలో పియానో సాధన చేయువారికి, సాధన కొంత పక్వమునకు వచ్చిన పిమ్మట, తాము వాయించిన దానిని పదిలపరచుకొనవలెనను కోరిక కలుగుట సహజము. ఆ కోరిక తీరుటకు రెండు దారులు కలవు. మొదటిది, మైక్రోఫోనును ముందుంచి గదిలో పుట్టిన ధ్వనిని పట్టుకొనుట. రెండవది, ధ్వనిని విడిచి దానికి కారణమైన చేతి కదలికను, అనగా ఏ మీట ఏ క్షణమున ఎంత వేగముతో దిగినది, ఎప్పుడు లేచినది, పాదము పెడలును ఎంతవరకు నొక్కినది అను వృత్తాంతము నంతను అంకెలుగా వ్రాసియుంచి, కోరినప్పుడు ఆ పియానోచేతనే మరల పలికించుట. ఈ రెండవ పని చేయగల వాద్యమే డిజిటల్ ప్లేయర్ పియానో. ఎదుట మనిషి లేకుండ మీటలు తమంతట తాము దిగుచు లేచుచు పాట పలుకుట చూచువారికి గొప్ప వేడుక. అమ్మువారును ఆ వేడుకనే ముందుగా చూపుదురు. అయినను ఇంటిలో రికార్డింగు చేసికొనదలచినవారు ఈ వాద్యమును అది వాయించు నేర్పును బట్టి గాక, వాయించునప్పుడు అది ఎంత సూక్ష్మముగా వినుచున్నదో దానిని బట్టి ఎన్నుకొనవలెనని నా దృఢవిశ్వాసము. వినని దానిని ఏ యంత్రమును తిరిగి చెప్పజాలదు.

ఈ ప్రయత్నము ఈనాటిది కాదు. 1895లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున ఎడ్విన్ వోటీ అను యంత్రనిర్మాత, పియానో ముందు చేర్చిపెట్టి కాలితో తొక్కుచు నడుపదగిన యొక పెట్టెను నిర్మించెను. ఎయోలియన్ కంపెనీ దానిని పియానోలా అను పేర విపణిలో ప్రవేశపెట్టి విశేషమైన వ్యాప్తికి తెచ్చెను. కాగితపు చుట్టపై పొడిచిన రంధ్రములగుండ గాలి పీల్చబడినప్పుడు ఆయా మీటలు దిగును. స్వరముల సంగతి కాగితమే చూచుకొనును గాని, ఎక్కడ హెచ్చవలెను, ఎక్కడ తగ్గవలెను అను వివేకము తొక్కుచున్న గృహస్థునిదే. 1908లో బఫలో నగరమున తయారీదారులు సమావేశమై 88 మీటలకును సరిపడు ఒకే కొలత చుట్టను అంగీకరించుటచే, ఒకరు చేసిన చుట్ట మరియొకరి యంత్రమున ఆడుటకు వీలైనది. ఈ యొడంబడిక విలువ యెట్టిదో ఈనాటి కొనుగోలుదారునికిని ఒకచోట తెలిసివచ్చును.

వాద్యకారుని వేళ్లలోని బలాబలములను గూడ కాగితముపై నిలుపవలెనను పట్టుదల జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరమున వెల్టే సంస్థకు కలిగెను. ఎడ్విన్ వెల్టే, కార్ల్ బోకిష్ అను నిరువురు 1904లో వెలికి తెచ్చిన వెల్టే మిన్యోన్ యంత్రము కొరకు 1905లో గుస్టాఫ్ మాలర్, 1906లో ఎడ్వర్డ్ గ్రీగ్, అటుపిమ్మట క్లోద్ దెబ్యూసీ వంటి మహాస్వరకర్తలు స్వయముగా కూర్చుండి వాయించిరి. బలమును కొలిచిన ఉపాయమును ఆ సంస్థ వ్యాపార రహస్యముగా దాచుకొన్నది. ఆంపికో, డ్యుయో ఆర్ట్ అను పోటీ యంత్రములు తరువాత వచ్చినవి. రష్యా విడిచి అమెరికా చేరిన సెర్గీ రాఖ్మానినోవ్ 1919 మొదలుకొని ఆంపికో చుట్టలకు వాయించెను. గ్రామఫోను మెరుగుపడి, రేడియో వ్యాపించి, ఆర్థికమాంద్యము పైబడుటతో ఈ వైభవము 1930 ప్రాంతమున అస్తమించెను గాని, ఆ చుట్టలు నశింపలేదు. వేన్ స్టాంకే అను అమెరికన్ ఇంజనీరు రాఖ్మానినోవ్ చుట్టలను కంప్యూటరు భాషలోనికి మార్చి, తాను రూపొందించిన యంత్రాంగము గల బోసెన్‌డోర్ఫర్ పియానోచేత వాయింపించగా, ఆ వాయిద్యము 1998లో డిస్కుగా వెలువడెను. చుట్ట నొకనాడు వాయించినవాడు గతించి అర్ధశతాబ్దమైన పిమ్మట, ఆయన చూడని పియానోపై ఆయన వేళ్ల నడక మరల వినబడుట ఈ శాస్త్రము సాధించిన ఘనకార్యములలో నొకటి యని నేను భావింతును.

కాగితపు స్థానమున అంకెలు ప్రవేశించుటకు దోహదము చేసినది మిడి అను సంకేతభాష. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన సంగీతవాద్యముల ప్రదర్శనలో, భిన్న సంస్థలు చేసిన రెండు కీబోర్డులను ఒక తీగతో కలిపి, ఒకదానిని వాయించగా రెండవది పలుకునట్లు చేసి చూపిరి. ఈ భాషలో ఒక స్వరమునకు సంబంధించిన వార్త మిక్కిలి సంక్షిప్తము: ఇది ఫలానా మీట, దాని వేగము ఇంత, అని. ఆ వేగమునకు 1 మొదలు 127 వరకు మెట్లు కలవు. సామాన్యమైన పాటకు ఇవి చాలును. కాని అతిమృదువుగా పలుకు స్థాయిలో ఒక మెట్టునకును తరువాతి మెట్టునకును నడుమ నుండు వ్యత్యాసము చెవికి తెలియు సందర్భములు కలవు. నిదానముగా సాగు విలంబగతి రచనలలో వాద్యకారుని ప్రతిభ యంతయు ఆ నడిమి చోటులనే నివసించును. అందుచేత ఉత్తమశ్రేణి ప్లేయర్ పియానోలు 127తో తృప్తిపడక, వేయికి పైబడిన మెట్లతో వేగమును నమోదు చేయుచున్నవి. 2020లో వెలువడిన మిడి రెండవ ప్రమాణము 65,536 మెట్లకు అవకాశ మిచ్చినది.

మెట్ల సంఖ్య ఎంతటిదైనను, కొలుచుచున్నది దేనిని అను ప్రశ్న అంతకంటె ముఖ్యము. పియానో లోపలి అమరికను కొంచెము తెలిసికొన్నగాని ఈ ప్రశ్న అర్థము కాదు. వేలు మీటను నొక్కగా మీట సుమారు 10 మిల్లీమీటర్లు దిగును. దాని యవతలి కొన పైకి లేచి, లివర్ల మూలమున, ఉన్నితో చుట్టిన సుత్తిని అంతకు అయిదురెట్ల వేగముతో తీగవైపు నెట్టును. తీగకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరమున నుండగనే సుత్తికి ఆ ఊతము తప్పిపోవును. వడిసెలనుండి వెడలిన రాయివలె అది అచ్చటినుండి స్వేచ్ఛగా ఎగిరి తీగను తాకి వెనుకకు మరలును. ఆ తుదిక్షణమున సుత్తికి గల వేగమే స్వరము యొక్క గట్టిదనమును, చాలవరకు దాని గుణమును నిర్ణయించును. మీటను మెల్లగా ఆరంభించి చివర త్వరపెట్టినప్పుడును, ఆరంభమున తట్టి విడిచినప్పుడును, మీట సగటువేగ మొక్కటే యైనను సుత్తి వేగము వేరు కావచ్చును. కనుక మీటను మాత్రమే కనిపెట్టు సెన్సరు సుత్తివేగమును ఊహించి చెప్పును; సుత్తిని గూడ కనిపెట్టు సెన్సరు చూచి చెప్పును. నమూనాల మధ్య నున్న ధరల అంతరములో అధికభాగము ఈ ఊహకును ఈ దర్శనమునకును నడుమ నున్నదని గ్రహించిన కొనుగోలుదారుడు సగము పరీక్ష నెగ్గినట్లే.

ఇక నమూనాల సంగతి. 1987లో డిస్క్‌లావియర్ అను పేర యమాహా సంస్థ అమెరికా విపణికి తెచ్చిన పియానో ఈ రంగమున అధికప్రచారము పొందినది; తొలినాళ్లలో అది ఫ్లాపీ డిస్కుపై పాటను వ్రాసెడిది. 1998లో వచ్చిన ప్రో శ్రేణితో, వేగమునకు వేయికి పైగా మెట్లు, పెడలునకు 256 స్థానములు ఏర్పడినవి. 2016 మొదలు నడచుచున్న ఎన్‌స్పైర్ శ్రేణిలో మూడు అంతస్తులు కలవు. సీఎల్ అనునది పలుకుటయే గాని వ్రాయుట యెరుగదు. రికార్డింగు కోరువారు దాని దరిదాపులకు పోవలసిన పనిలేదు. ఎస్‌టీ అనునది వాయించును, వ్రాయును, హెడ్‌ఫోనులతో నిశ్శబ్దసాధనకు వీలిచ్చును. గృహమున అనుదిన సాధనకును, పిల్లల పాఠములకును, స్వరరచనలో చిత్తుప్రతుల వంటి వాటికిని అది నిస్సందేహముగా చాలును. ప్రో అనునది మీట కదలికతోపాటు సుత్తి కదలికను గూడ కాంతికిరణముల సాయమున ఆద్యంతము కనిపెట్టుచు అధికసూక్ష్మతతో నమోదు చేయును. తుదిరూపమైన రికార్డింగు, అనగా పదిమందికి వినిపింపదగినది, ఇంటినుండియే వెలువడవలెనను సంకల్పము గలవారికి ఎస్‌టీకిని ప్రోకును గల భేదము విలాసము కాదు, అవసరము.

స్టైన్‌వే సంస్థ 2015లో స్పిరియోను, 2019లో రికార్డింగు శక్తి గల స్పిరియో ఆర్ నమూనాను వెలువరించెను. స్పిరియోకు మూలమైన యంత్రాంగము పైన పేర్కొన్న వేన్ స్టాంకే బుద్ధినుండి పుట్టినదే. సుత్తివేగమును 1,020 స్థాయిలలో, సెకనుకు 800 పర్యాయముల వరకును, పెడళ్ల స్థితిని 256 స్థానములలో, సెకనుకు 100 పర్యాయముల వరకును కొలుచునని ఆ సంస్థ చెప్పుచున్నది. ఆర్ అను అక్షరము లేని స్పిరియో వాయించునదే గాని వ్రాయునది కాదు. పాతపియానోల అమ్మకములో ఈ ఒక్క అక్షరమును గమనింపక త్వరపడువారు నష్టపోవుదురు.

మూడవ మార్గము, ఇంటిలో ఇదివరకే యున్న మంచి పియానోకు ఈ శక్తిని సంతరించుట. 1900లో షికాగోలో కాగితపు చుట్టల వ్యాపారముగా మొదలై ఈనాటికిని జీవించియున్న క్యూఆర్ఎస్ సంస్థ, మీటల క్రింద విద్యుదయస్కాంతములను, రికార్డింగు కొరకు కాంతి సెన్సర్ల పట్టీని అమర్చు సామగ్రిని తయారుచేయుచున్నది. పియానోడిస్క్ అను సంస్థయు ఇట్టి సామగ్రి నిచ్చును. తాతల నాటి పియానోను విడువనొల్లని వారికి ఇది ఆదరణీయమైన దారియే. అయితే మీటల క్రింది పట్టీ కనిపెట్టునది మీటనే గాని సుత్తిని కాదు. పైగా అమర్చిన సాంకేతికుని నేర్పును బట్టియు, పియానో యంత్రాంగపు ఆరోగ్యమును బట్టియు ఫలితము మారుచుండును. అరిగిన ఉన్ని, వదులైన కీళ్లు గల వాద్యమునకు ఎంతటి సెన్సరు నమర్చినను అది ఆ వదులునే కొలుచును. అట్టి పియానోను ముందు బాగుచేయించి, తరువాత ఈ సామగ్రి మాట తలపెట్టుట మేలు.

సంస్థలు చెప్పు అంకెలకును అనుభవమునకును మధ్య దూరము లేకపోలేదు. వెర్నర్ గోబెల్, రొబెర్టో బ్రెసిన్ అను పరిశోధకులు ఒక యమాహా డిస్క్‌లావియరును, ఒక బోసెన్‌డోర్ఫర్ ఎస్ఈ పియానోను పరీక్షించి 2003లో ప్రకటించిన ఫలితములు ఈ సందర్భమున స్మరింపదగినవి. వారు పరీక్షించిన డిస్క్‌లావియర్ స్వరారంభమును 10 మిల్లీసెకన్ల అటునిటుగా పట్టుకొన్నది గాని, తిరిగి వాయించునప్పుడు 20 మిల్లీసెకన్లు ముందుగనో 30 మిల్లీసెకన్లు వెనుకగనో పలికినది. మధ్యస్థాయి బలములలో చక్కగా నడచినది గాని, మిక్కిలి మృదువైన చోటను, మిక్కిలి గట్టిదైన చోటను తడబడినది. బోసెన్‌డోర్ఫర్ ఇంతకంటె నిలకడ చూపినది. మీటపైనుండి తట్టి వాయించుట, మీటను అంటిపెట్టుకొని నొక్కుట అను స్పర్శభేదమును మాత్రము ఆ రెండును పట్టలేకపోయినవి. ఆనాటికిని ఈనాటికిని యంత్రములు చాల మెరుగుపడినవి. అయినను ఏ కొసలయందు సందేహింపవలెనో ఈ పరిశోధన నేటికిని సరిగా చూపుచున్నది. నడిమిస్థాయిలో ఏ యంత్రమైనను బాగుగనే పలుకును. అతిమృదుత్వమునందే దాని విద్య బయటపడును.

ఇంతటి పరిమితులున్నను, గృహరికార్డింగునకు ఈ వాద్యము చేయు ఉపకారము మరి దేనివలనను కాదు. సామాన్యముగా వాద్యకారుడు ఒకేసమయమున రెండు బాధ్యతలు వహింపవలసియుండును: వాయించుట, మైకు ముందు వాయించుచున్నానను ఎరుకను మోయుట. వీధిలో హారను మ్రోగినను, పై అంతస్తులో కుర్చీ జరిపినను, ఉత్తమముగా సాగిన వాయిద్యము వ్యర్థమగును. మరల అంత బాగుగా కుదురునన్న భరోసా లేదు. ప్లేయర్ పియానో ఈ రెండు పనులను విడదీయును. మనసు కుదిరిన వేళ వాయించి, దానిని అంకెలలో దాచి, ఊరు సద్దుమణిగిన అర్ధరాత్రివేళ ఫ్యాను ఆర్పి, కిటికీలు మూసి, మైకులు నిలిపి, అదే వాయిద్యమును పియానోచేత చెప్పించుకొనవచ్చును. మైకు తీగలకు దగ్గరైన ధ్వని కఠినముగ నున్నదా, ఒక అడుగు వెనుకకు జరిపి మరల వినవచ్చును. అలసట యెరుగని వాద్యకారుడు ఎన్నిమారులైనను అట్లే వాయించును; వాయించినవాడు ఎదుట నిలిచి, తన వాయిద్యమును శ్రోతగా వినుచు మైకులకు చోటు వెదకుకొనును. ఇంటిలో ఏకాకిగా పనిచేయు కళాకారునికి ఇంతకంటె గొప్ప సహాయకుని నేనెరుగను. 2007లో సోనీ సంస్థ వెలువరించిన యొక డిస్కు కొరకు, పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1955 నాటి గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ రికార్డింగును జెన్ఫ్ అను సంస్థ అంకెలుగా మార్చి, డిస్క్‌లావియర్ ప్రో చేత టొరాంటోలో వాయింపించి క్రొత్తగా ధ్వనిముద్రణము చేసినది. గృహస్థుడు అర్ధరాత్రి చేయు పనియు స్వభావమున అదియే.

ఒక సాంకేతిక విశేషమును ఇక్కడ చెప్పక తప్పదు. మెల్లగా నొక్కిన మీటకు సుత్తి తీగను చేరుటకు సుమారు 200 మిల్లీసెకన్లు పట్టవచ్చును. బలముగా కొట్టినదానికి 20 చాలును. ఈ భేదమును సరిపుచ్చి స్వరములన్నియు వాని వాని సమయములకు పలుకునట్లు చేయుటకై, డిస్క్‌లావియర్ తనకు వచ్చిన మిడి వార్తను అర సెకను నిలిపి, మృదుస్వరపు మీటను ముందుగను గట్టిస్వరపు మీటను తరువాతను కదలించును. పియానోను కంప్యూటరుతో కలిపి, ఇతర వాద్యముల పొరలపై దీనిని చేర్చువారు ఈ అర సెకనును లెక్కించి సవరించుకొనవలెను. ఆలస్యమును తొలగించు ఏర్పాటును ఎన్నుకొన్నచో మీటలు వెంటనే కదలును గాని, మృదుస్వరములు వెనుకబడి లయ చెదరును. ఈ సంగతి తెలియక పియానో చెడినదని భ్రమపడుట సులభము.

నిశ్శబ్దసాధన విషయమునను ఇట్టి జాగ్రత్త యవసరము. హెడ్‌ఫోను ధరించినప్పుడు సుత్తులను ఒక కడ్డీ తీగకు ముందే ఆపివేయును. చెవికి వినబడునది ఎన్నడో ముద్రించియుంచిన మరియొక పెద్ద పియానో ధ్వని. వేళ్లు ఆ ధ్వనికి అనుగుణముగా సర్దుకొనును. రాత్రివేళ అట్లు వ్రాసిన అంకెలను మరునాడు మన పియానో తీగలపై పలికించినచో, క్రిందిస్థాయి గంభీరత హెచ్చుగనో, పెడలు ప్రతిధ్వని మసకగనో తోచవచ్చును. తుది రికార్డింగు కొరకు వాయించునది తీగలను వినుచునే వాయించుట ఉత్తమము.

తప్పుపడిన యొక స్వరమును అంకెలలో దిద్దుట దోషము కాదని నా యభిప్రాయము. అచ్చుతప్పు దిద్దుటకు కవి సిగ్గుపడనక్కరలేదు. కాని కంప్యూటరు ఇచ్చు సౌకర్యమునకు లొంగి స్వరముల నన్నిటిని గడియారపు గీతలపైకి లాగువారు, ఏ సూక్ష్మత కొరకు ఇంత ధనము వెచ్చించిరో దానినే చేతులార చెరపుకొనుచున్నారు.

తెలుగు కుటుంబములలో పియానోతోపాటు కర్ణాటక సంగీతమును గూడ అభ్యసించు పిల్లలు, ముఖ్యముగా విదేశములలో పెరుగువారు, కలరు. వారి తలిదండ్రులకు ఒకమాట. ఈ వాద్యము వినునది మీటను, సుత్తిని, పెడలును మాత్రమే. పియానోతీగ ఒకసారి తాకబడిన పిమ్మట దాని శ్రుతిని వాద్యకారుడు కదలింపజాలడు గనుక, వీణపై తీగను లాగి పలికించు గమకమునకు ఇందు తావు లేదు. తోడిరాగ గాంధారపు కంపితము ఏ ప్రో నమూనాయు పట్టజాలదు, పలుకజాలదు. సరళీస్వరములు, జంటస్వరములు, నొట్టుస్వరముల వంటివి మాత్రము దీనిపై చక్కగా నిలుచును. గమకప్రధానమైన సంగీతము నిలుపుకొనదలచినవారికి మంచి మైకు ఒకటి చాలును.

కొనుటకు ముందు అడుగవలసినవి కొన్ని కలవు. వ్రాసిన పాటను సామాన్యమైన మిడి ఫైలుగా బయటికి తీసికొనవచ్చునా, తీసినచో సూక్ష్మమైన మెట్లు నిలుచునా, 127కు కుదింపబడునా? బఫలో ఒడంబడిక విలువ ఇక్కడ బోధపడును: ఒక సంస్థ భాషలోనే బందీయైన వాయిద్యము, ఆ సంస్థ ఆ భాషను విడిచిననాడు మూగపోవును. పాత డిస్క్‌లావియర్లు యమాహాకే ప్రత్యేకమైన రూపమున ఫ్లాపీలపై వ్రాసిన పాటలను నేడు చదివించుకొనుటకు పాట్లుపడువారు కలరు. శ్రుతిచేయుటకు, సుత్తులను సరిదిద్దుటకు, సెన్సర్లను మరల అమర్చుటకు మీ యూరికి వచ్చు సాంకేతికు డెవరు? సముద్రతీరపు తేమలో కొయ్య ఉబ్బి, ఉన్ని బరువెక్కి, సుత్తుల నడక మారును. నడక మారిన పియానో నిరుటి అంకెలకు నిరుటి ధ్వని నీయదు. కావున గదిలో తేమను నలుబది, ఏబది శాతముల నడుమ నిలుపు ఏర్పాటునకయ్యెడి వ్యయమును గూడ వాద్యపు ధరలోనే కలిపి లెక్కించుకొనుట మంచిది.

ఇక అంగడిలో చేయదగిన పరీక్ష. అమ్మువారు సిద్ధముగా నుంచిన పాటలు వినవద్దు. అవి ఆ యంత్రమునకు తగినట్లుగ తీర్చబడినవి. మీరే కూర్చుండి, వినబడీ వినబడనంత మెల్లగా ఎడమచేతి స్వరసముదాయము నొకదానిని, దానిపై ఒకే మీటను త్వరత్వరగా మరల మరల మీటుట, సగము నొక్కిన పెడలుతో నాలుగు వరుసలు, చివర మీ బలమంతయు పెట్టిన ఒక ఘట్టమును వాయించి రికార్డు చేయుడు. పిదప లేచి, మీ యింట మైకు నుంచదలచినంత దూరమున నిలిచి వినుడు. మృదుస్వరములలో ఏదైన మ్రింగబడినదా? సగము పెడలు పూర్తి పెడలుగ మారినదా? స్వరములు లేనిచోట అయస్కాంతముల టకటక గాని, విద్యుత్‌పెట్టె గుంయిమను చప్పుడు గాని వినబడుచున్నదా? ఇదే పరీక్షను, ఇవే స్వరములతో, తరువాతి నమూనాపై చేయుడు. వీలైనచో మొదటిదానిపై వ్రాసిన ఫైలును రెండవదానిచేత వాయింపింపుడు.